లష్కరు చెరలో సురపురము రాజు

సికింద్రాబాదు నగరమును మన గ్రామీణ సోదరులలో అనేకులు చూచియే యుందురు. రైలు దిగి ఉజ్జయినీ మహంకాళి అమ్మవారిని దర్శించుకొన్నవారు కలరు. ఆషాఢమాసమున జరుగు లష్కరు బోనాలకు కుటుంబసమేతముగా వచ్చి పోవువారును కలరు. కాని ఆ బోనాలకు ‘లష్కరు’ అను పేరేల కలిగెనని అడిగినచో చెప్పగలవారు కొద్దిమందియే. లష్కరనగా దండు, సైన్యము. ఈ పట్టణము పుట్టినదే ఒక దండు విడిదిగా. ఆ దండు పహారాలో, 1858వ సంవత్సరమున, ఇరువదినాలుగేండ్లైనను నిండని ఒక రాజు ఉరిశిక్ష యెప్పుడు అమలగునో యని దినములు లెక్కించుచు గడపెను. అతడే సురపుర సంస్థానాధీశుడు రాజా వెంకటప్ప నాయకుడు. అతని కథను, అతని విచారణ జరిగిన తీరును, అది నేటి పౌరునకు నేర్పు పాఠమును మన పాఠకులకు వివరింపవలెనని మా ఉద్దేశము.

దండు ఎట్లు వచ్చెను?

1798వ సంవత్సరమున హైదరాబాదు నిజాము ఆంగ్ల ఈస్టిండియా కంపెనీతో సైన్యసహకార సంధి చేసికొనెను. ఈ సంధి ననుసరించి కంపెనీ సేనలు నిజాము రాజ్యములో నిలిచియుండును; వాని ఖర్చు నిజామే భరింపవలెను. 1800వ సంవత్సరమున ఆ ఖర్చు నిమిత్తమే బళ్లారి, కడప మున్నగు ప్రాంతములు కంపెనీకి ధారాదత్తము చేయబడెను. నేడు మనము రాయలసీమ యని పిలుచు సీమకు ఆనాడు ‘దత్తమండలము’లను పేరు వచ్చుటకు కారణ మిదియే. హుస్సేనుసాగరమునకు ఉత్తరమున ఆ సేనలు విడిసిన తావునకు 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర సికింద్రాబాదని నామకరణము జరిగెను.

ఇది గాక నిజాము పేరిట, ఆంగ్ల అధికారుల చేతిక్రింద, ‘హైదరాబాదు కంటింజెంటు’ అను మరియొక సైన్యము కలదు. దాని ఖర్చు బాకీ పడినదని చెప్పి 1853లో కంపెనీవారు బీరారు సీమను తమ స్వాధీనము చేసికొనిరి. అనగా రాజ్యము నిజాముదే గాని కత్తిపిడి మాత్రము పరుల చేతిలో నుండెను. మూసీనదికి ఉత్తరపు ఒడ్డున, నేటి కోఠీలో, ఒక మహాసౌధమునందు కంపెనీ ప్రతినిధియగు రెసిడెంటు నివసించుచుండెడివాడు. నగరములో ఏమి జరిగినను ఆ సౌధమునకు తెలియవలసినదే.

1857 జూలై 17

1857 మే నెలలో మీరటులోను ఢిల్లీలోను సిపాయిలు తిరుగబడిరి. ఆ నెలలోనే హైదరాబాదున నిజాము నాసిరుద్దౌలా మరణించెను. ఆయన కుమారుడు అఫ్జలుద్దౌలా సింహాసన మధిష్ఠించెను. దివానుగా మొదటి సాలార్‌జంగు, రెసిడెంటుగా కర్నల్ డేవిడ్‌సను ఉండిరి. హైదరాబాదు చేజారినచో దక్షిణదేశ మంతయు చేజారునని బొంబాయి గవర్నరు తంతి పంపెనన్న విషయము చరిత్రలో ప్రసిద్ధమే. నిజాము, దివాను కంపెనీ పక్షమున నిలిచిరి. ప్రజల మనస్సు మాత్రము వేరుగా నుండెను. జూన్ నెలలో నగరపు గోడలపై ఆంగ్లేయులకు వ్యతిరేకముగా ప్రకటనలు వెలసెను.

అదే నెలలో ఔరంగాబాదునందు కంటింజెంటు అశ్వికులలో కొందరు ఢిల్లీ పాదుషాపై యుద్ధమునకు నడువమని ఎదురుతిరిగిరి. కంపెనీ సేనలు వచ్చి వారిని అణచివేసెను. కొందరు ఉరితీయబడిరి, కొందరు తుపాకులకు, ఫిరంగులకు బలియైరి. ఆ దళమునకు చెందిన జమేదారు చీదాఖాను అనువాడు కొద్దిమంది అనుచరులతో తప్పించుకొని, నిజాము రాజధానిలో ఆశ్రయము దొరకునను ఆశతో హైదరాబాదు చేరెను. సాలార్‌జంగు అతనిని పట్టించి రెసిడెంటుకు అప్పగించెను.

ఔరంగాబాదులో జరిగినదేమో నగరవాసులు వినియేయుండిరి. రెసిడెన్సీ చెరలోని చీదాఖానునకు కూడ అదే గతి పట్టునని వారు భయపడిరి. 1857 జూలై 17, శుక్రవారము. మక్కా మసీదులో మధ్యాహ్నప్రార్థన ముగిసిన పిమ్మట ఖైదీలను విడిపింపవలెనను మాట బలముగా లేచెను. ఆ సాయంకాలము బేగంబజారువాసియగు తుర్రెబాజ్‌ఖాను, మౌల్వీ అల్లావుద్దీను నాయకత్వమున సుమారు ఐదువందలమంది రోహిల్లాలు రెసిడెన్సీపై పడిరి. పుత్లీబౌలీ దిక్కున రెసిడెన్సీ గోడ కెదురుగా నున్న రెండు ఇండ్లలో మాటువేసి రాత్రియంతయు కాల్పులు సాగించిరి. ముందే హెచ్చరిక అందుటచే లోపల ఫిరంగులు సిద్ధముగా నుండెను. తుపాకులు ఫిరంగులకు నిలువలేకపోయెను. తెల్లవారకమునుపే వారు తొలగిపోవలసివచ్చెను.

చెరలోని ఒక ఖైదీ ప్రాణమునకై నగరమంతయు ఎట్లు ఉద్రిక్తమగునో ఆ రాత్రి రుజువు చేసెను. ఈ సంగతి అటు ప్రజలు గాని ఇటు పాలకులు గాని మరువలేదు. ఏడు నెలలకే వారికి మరియొక ఖైదీ దొరికెను.

సురపురము, దాని బాలరాజు

కృష్ణా భీమా నదుల నడుమ, నేటి కర్ణాటక రాష్ట్రములోని యాదగిరి జిల్లాలో, కొండల మధ్య సురపురమను పట్టణము కలదు. ఆంగ్లేయులు దానిని షోరాపూరని వ్రాసిరి. బేడ నాయకులు, అనగా మనవైపు బోయలని పిలువబడు వీరజాతివారు, ఆ సంస్థానమును తరతరములుగా ఏలిరి. నిజామునకు కప్పము చెల్లించుచున్నను తమ కొండలలో వారు స్వతంత్రులే.

1842 ప్రాంతమున రాజా కృష్ణప్ప నాయకుడు మరణించునప్పటికి అతని కొడుకు వెంకటప్ప చిన్నబాలుడు. సంస్థానము చక్కబెట్టుటకు కంపెనీవారు మెడోస్ టెయిలర్ అను అధికారిని పంపిరి. ఇతడు దాదాపు పది సంవత్సరములు సురపురములో నుండి అప్పులు తీర్చి, లెక్కలు సరిచేసి, బాలరాజునకు చదువు చెప్పించెను. బాలుడు అతనిని ‘అప్పా’ యని పిలిచెడివాడు. 1853లో యుక్తవయస్కుడైన రాజునకు రాజ్యము నప్పగించి టెయిలర్ వెడలిపోయెను. తన యనుభవములను టెయిలర్ ఆత్మకథగా వ్రాసి యుంచగా అది అతని మరణానంతరము 1877లో అచ్చయ్యెను. రాజు చెరలో గడపిన దినములను గూర్చి మన కెక్కువగా తెలియునది ఆ గ్రంథమువలననే. అది పాలకుల పక్షమువాని వ్రాత యను సంగతి మనము మరువరాదు. అయినను ఆ పుటలలో రాజుపట్ల వాత్సల్యము దాగలేదు.

1857లో ఉత్తరదేశపు వార్తలు సురపురమును చేరెను. తిరుగుబాటుదారుల దూతలు రాజును కలిసికొనుచున్నారని, అతడు బలగము చేర్చుచున్నాడని ఆంగ్లాధికారులు అనుమానించిరి. రెసిడెంటు తన సహాయాధికారిని అచటికి పంపెను. 1858 ఫిబ్రవరి 7వ తేదీ రాత్రి సురపురము చెంత విడిసిన కంటింజెంటు దళముపై బేడ వీరులు పడిరి. మరునాటి పోరాటమున ఆంగ్ల అశ్వదళపు కెప్టెన్ న్యూబెరీ మరణించెను. మరియొక అధికారి తీవ్రముగా గాయపడి తరువాత మరణించెను. ఇతర దిక్కులనుండి మరిన్ని సేనలు వచ్చుచున్నవని తెలిసి, ఆ రాత్రియే రాజు కొద్దిమంది రౌతులతో కోట విడిచెను. ఉదయమునకు పట్టణము శత్రుహస్తగతమయ్యెను.

హైదరాబాదు వీథులలో

రాజు ఎచటికి పోయెను? చీదాఖాను వచ్చిన చోటికే, హైదరాబాదునకే. ఇక్కడ తనకు తోడు దొరకునని అతని ఆశ. కాని నగరములో ఎవరును తలుపు తీయలేదు. బజారులో తిరుగుచుండగా గుర్తుపట్టబడి దివాను సాలార్‌జంగు వద్దకు కొనిపోబడెను. దివాను అతనిని రెసిడెంటుకు అప్పగించెను. ఈ విధముగా సురపురాధీశుడు లష్కరులో ఖైదీ యయ్యెను.

టెయిలర్ అప్పుడు బీరారులో అధికారిగా నుండెను. సురపురము వ్యవహారములు చూచుటకు మరల నియమింపబడి, త్రోవలో రాజును చెరలో కలిసికొనెను. ఖైదీ తన చిన్ననాటి సంరక్షకుని చూడగానే పరుగున వచ్చి కౌగిలించుకొని విలపించెనట. నిన్ను ఎవరు ప్రేరేపించిరి, ఏ యే పెద్దలు ఇందులో నుండిరి అని అడిగి తెలిసికొనుటకు రెసిడెంటు ఆశించెను. పేర్లు చెప్పినచో ప్రాణభిక్ష దొరకవచ్చునను ఆశ అందులో ఇమిడియే యున్నది. రాజు అంగీకరింపలేదు. ఒకరిని పట్టియిచ్చి తన ప్రాణము దక్కించుకొనుట పిరికితన మగునని, తానట్టి పని చేయజాలనని చెప్పెను. మరణమునకు తాను వెరవనని, కాని దొంగను ఉరితీసినట్లు తన్ను ఉరితీయవద్దని, ఫిరంగికి కట్టి పేల్చినను సమ్మతమేనని కోరెను. ద్వీపాంతరవాసముకంటెను చెరకంటెను తనకు చావే మేలని కూడ చెప్పెనని టెయిలర్ వ్రాసెను.

ఆ మాటలు నేడు చదువుచున్నప్పుడు మాకు తట్టునది ఒక్కటే. ఆ యువకునకు రాజ్యము పోయెను, బలగము పోయెను. అతని వశమున మిగిలినవి కొన్ని పేర్లు మాత్రమే. వానిని అతడు అమ్ముకొనలేదు.

శిక్ష, నిరీక్షణ

రాజునకు సైనిక న్యాయస్థానమున విచారణ జరిగెను. నేరము రుజువైనదని తీర్పు చెప్పి మరణశిక్ష విధించిరి. విధించినవారును, విచారించినవారును, అతడెవరితో పోరాడెనో వారి అధికారులే. ఆ తీర్పుపై అప్పీలు విను స్వతంత్ర న్యాయస్థానము లేదు. అతని ప్రాణము అధికారుల దయాభిక్షపైననే ఆధారపడి యుండెను. మొదట రెసిడెంటు మరణశిక్షను యావజ్జీవ ద్వీపాంతరవాసముగా మార్చెను. కాగితములు కలకత్తా చేరగా గవర్నరు జనరలు కానింగు దానిని మరింత తగ్గించి, మద్రాసు చెంతనున్న చెంగల్పట్టు కోటలో నాలుగేండ్ల ఖైదుగా నిర్ణయించెను. భార్యలను వెంట నుంచుకొనుటకును అనుమతి లభించెను. సత్ప్రవర్తనతో నుండినచో సంస్థానము తిరిగి దక్కవచ్చునను ఆశయు కల్పింపబడెను.

మరి ఉరితీయుటకు వెనుదీయని ప్రభువులు ఈ పర్యాయము ఏల తగ్గిరి? కారణములను మనము ఊహింపవచ్చునే గాని నిశ్చయింపరాదు. బాల్యమునుండి ఎరిగిన టెయిలర్ వంటివారి సానుభూతి ఒకటి. రాజు చిన్నవయస్సు ఒకటి. అంతకుముందటి జూలై నెలలో నగరము రగిలిన తీరు అధికారుల కన్నులముందు లేకపోలేదు. తిరుగుబాటు చల్లారుచుండగా క్రొత్త పగలు రేపుట మేలు గాదను ఆలోచన కానింగునకు కలదనుటయు ప్రసిద్ధమే.

పదునొకండేండ్ల క్రిందట వారట్లు ఆలోచింపలేదు. కర్నూలు సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో వేలాది జనులు చూచుచుండగా ఉరితీసిరి. అంతటితో తనియక ఆయన శిరస్సును ఏండ్ల తరబడి బహిరంగముగా వ్రేలాడదీసి యుంచిరి. జనులు చూచి జడిసికొందురని ప్రభువుల తలంపు. జడిసిరో లేదో గాని, మరచిపోలేదు. నేటికిని ఆ సీమలో ఆయన కథ పాడబడుచునే యున్నది.

మజిలీలో తుపాకి మ్రోత

శిక్ష తగ్గిన వార్త విన్న రాజు కొంత ఊరట చెందియుండవలెను. సైనికుల కాపలాలో చెంగల్పట్టునకు ప్రయాణ మారంభమయ్యెను. మొదటి మజిలీలోనే, కాపలా అధికారి డేరాలో విడిచి వెలుపలికి పోయిన రివాల్వరు పేలెను. పరుగెత్తి వచ్చి చూడగా రాజు మరణించి యుండెను. చేతికి తీసికొని చూచుచుండగా పొరపాటున పేలెనో, చెరలో బ్రతుకుట ఇష్టపడక తానే పేల్చుకొనెనో ఎవరును నిర్ణయింపలేకపోయిరి. ఇరువదినాలుగవ యేట ఇతనికి గండమున్నదని జ్యోతిష్కులు చెప్పియుండిరని, అది రాణివాసమునకు తెలియునని టెయిలర్ వ్రాసెను. దానిని నమ్ముడని మేము చెప్పము. ఇంతటి విషాదమునకు అర్థము వెదకుకొనుటకు ఆనాటి జనులు ఎంత తపించిరో అది తెలుపుచున్నది.

సురపుర సంస్థానము అంతరించెను. 1860లో జరిగిన క్రొత్త ఒడంబడికలో కంపెనీ వారసులైన బ్రిటిషు ప్రభుత్వమువారు తమకు తోడ్పడినందుకు ప్రతిఫలముగా దానిని నిజామునకు ఇచ్చివేసిరి. రాయచూరు దోఆబు, నల్దుర్గము మొదలగు సీమలు తిరిగి వచ్చెను. ఏబది లక్షల రూపాయల బాకీ మాఫీ యయ్యెను.

తుర్రెబాజ్‌ఖాను పట్టుబడి యావజ్జీవ ద్వీపాంతరశిక్ష పొందెను. 1859 జనవరిలో చెరనుండి తప్పించుకొనగా, అతని తలకు ఐదువేల రూపాయల బహుమానము ప్రకటించిరి. ఆ నెలలోనే తూప్రాను చెంత అతడు చంపబడెను. బ్రతికియుండగా వేయలేని ఉరిని మరణించిన పిమ్మట వేసి, అతని దేహమును రెసిడెన్సీ ప్రాంతమున వ్రేలాడదీసిరి. మౌల్వీ అల్లావుద్దీను అండమానునకు పంపబడి అచటనే కన్నుమూసెను. ఉత్తర తెలంగాణమున పోరాడిన రాంజీ గోండు 1860లో నిర్మలలో ఉరితీయబడెను. ఆయనతోపాటు వేయిమంది ఒక మర్రిచెట్టుకు వ్రేలాడదీయబడిరని ఆ ప్రాంతపు జనులు నేటికిని చెప్పుకొందురు.

నాటి రెసిడెన్సీ సౌధములో 1949 నుండి ఆడపిల్లలు చదువుకొనుచున్నారు. ఎచట ఫిరంగులు నిలిచి కాచెనో ఆ ఆవరణలో పల్లెల నుండి వచ్చిన బాలికలు పుస్తకములు చేతబట్టి నడచుచున్నారు. ప్రక్కనున్న దారి తుర్రెబాజ్‌ఖాను పేర వ్యవహరింపబడుచున్నది. కోఠీకి పోవు సోదరులు ఒక్కక్షణ మచట నిలిచి ఈ సంగతి తలచుకొందురు గాక.

నేటి పౌరునకు దీని పాఠము

సురపుర రాజునకు లేనిదేమి, నేడు మన పల్లెలోని నిరుపేదకు సైతము ఉన్నదేమి అని విచారించినచో రాజ్యాంగము విలువ తెలియును.

ఒకటి: ఎవరినైనను అరెస్టు చేసినప్పుడు కారణము తెలుపవలెను; ప్రయాణకాలము గాక ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరుపవలెను. తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించు హక్కు ఖైదీకి కలదు. ఇది రాజ్యాంగపు 22వ అధికరణము. ముందుజాగ్రత్త నిర్బంధమునకు మాత్రము వేరు నియమములున్నవి.

రెండు: తనకు వ్యతిరేకముగా తానే సాక్ష్యము చెప్పుమని నిందితుని ఎవరును నిర్బంధింపరాదు. ఇది 20వ అధికరణము.

మూడు: సెషన్సు న్యాయస్థానము విధించిన మరణశిక్ష, హైకోర్టు పరిశీలించి ఖాయపరుచువరకు అమలు కాజాలదు. అట్టి శిక్ష అత్యంత అరుదైన కేసులలోనే విధింపదగునని 1980లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. బహిరంగముగా ఉరితీయుట రాజ్యాంగవిరుద్ధమనియు ఆ న్యాయస్థానమే చెప్పియున్నది.

నాలుగు: అన్ని తీర్పుల పిమ్మటను రాష్ట్రపతికి గాని గవర్నరునకు గాని క్షమాభిక్ష విన్నపము పంపుకొనవచ్చును. ఆ విన్నపముపై అకారణముగా ఏండ్లు జాప్యము చేసినచో, ఆ జాప్యమే శిక్ష తగ్గించుటకు ఆధారము కాగలదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఉరికై ఎదురుచూచుట యనునది స్వయముగా ఒక శిక్ష యని న్యాయస్థానము గుర్తించినదన్నమాట. లష్కరు చెరలో ఆ యువకుడు అనుభవించినది అదియే గదా!

ఐదు: వకీలును పెట్టుకొను స్తోమతు లేనివారికి ప్రభుత్వమే ఉచితముగా న్యాయసహాయము కల్పింపవలెను. ప్రతి జిల్లాకేంద్రమునను ఇందులకై జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. 15100 అను నంబరునకు ఫోను చేసియు సహాయము కోరవచ్చును. మీ ఊరిలో ఎవరైనను అరెస్టయినచో ఆ కుటుంబమువారు దిగులుతో ఇంట కూర్చుండక ఈ సహాయము నడుగవలెను. చదువు వచ్చినవారు చదువు రానివారికి ఈ సంగతి తెలుపవలెను.

ఈ హక్కులు ఎవరో దయతో పెట్టిన భిక్ష కావు. చెరలోని ఖైదీకై ఒక రాత్రి నిప్పులలో నిలిచిన నగరవాసులు, పేర్లు చెప్పక ప్రాణము నొడ్డిన రాజు, కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన వీరుడు, మర్రిక్రింద నేలకొరగిన అజ్ఞాతులు వీని వెల చెల్లించిరి. వెల చెల్లింపబడిన వస్తువును వాడుకొనక పోగొట్టుకొనుట తగదు. వచ్చే ఆషాఢమున లష్కరు బోనాలకు పోయినప్పుడు, ఆ పేరు వెనుక నున్న దండును, ఆ దండు చెరలో దినములు లెక్కించిన యువకుని మన బిడ్డలకు చెప్పుదము. అతనికి దొరకని న్యాయము మన ఊరిలో ఏ ఒక్కనికిని దొరకకుండ పోరాదని వారికి బోధింతము.